పాసింగ్ పెరిగింది, బాడుగ పెరగలేదు: లారీ బరువుల లెక్క

తాడిపత్రి బయట లారీలు తూచే ఏదైనా కాటా దగ్గర రాత్రి పదకొండు గంటలప్పుడు ఓ అరగంట నిలబడండి. నాపరాళ్ల లోడు బండి మెల్లగా పళ్లెం మీదికి ఎక్కుతుంది. రాళ్లను పడుకోబెట్టరు, విరిగిపోతాయి. నిలువుగా వరసలు పేర్చి, సందుల్లో వరిగడ్డి దూర్చి, తాళ్లతో బిగించి ఉంటాయి. అప్పుడు వెనక చక్రాల పైన కమాన్ కట్టను, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలను చూడండి. మామూలుగా విల్లులా వంగి ఉండాల్సిన ఆ పట్టీలు, లోడు ఎక్కువైన బండికి చదునుగా అయిపోయి ఉంటాయి. కొన్నిటికి వంపు తిరగబడి ఉంటుంది. లోపల గదిలో ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడతాయి. గుమాస్తా తల ఎత్తకుండానే అడుగుతాడు: "పాసింగ్ ఎంత?"

పాసింగ్ అంటే ఆర్‌సీలో రాసి ఉన్న మొత్తం బరువు. బండి సొంత బరువూ, సరుకూ కలిపి. పది టైర్ల బండికి ఒకప్పుడు అది 25 టన్నులు, ఇప్పుడు 28. ఈ మూడు టన్నుల కథే ఈ వ్యాసం.

మా మేనమామకు పది టైర్ల లారీ ఉంది. ఎర్రగుంట్ల సిమెంటు, తాడిపత్రి రాయి, రాయలసీమ థర్మల్ ప్లాంటు బూడిద, ఏది దొరికితే అది తోలుతాడు. 2018లో పరిమితి పెంచారన్న వార్త రాగానే ఫోన్ చేసి, "అల్లుడూ, గవర్నమెంటోళ్లు మూడు టన్నులు ఊరికే ఇచ్చినారప్పా" అని సంబరపడ్డాడు. ఏడాది తిరక్కుండా అదే మనిషి, "ఇచ్చినారు గానీ, అవి మాకు రాలేదులే" అన్నాడు. మరి ఎవరికి వచ్చాయి?

ముందు జరిగిందేమిటో చెప్పుకుందాం. 2018 జులై 16న కేంద్ర రవాణా శాఖ యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) బరువుల పరిమితి పెంచుతూ నోటిఫికేషన్ ఇచ్చింది. నాలుగు టైర్లున్న ఒక్క యాక్సిల్ మీద 10.2 టన్నులు ఉండేది 11.5 అయింది. వెనక జంట యాక్సిళ్ల మీద 19 ఉండేది 21 అయింది. ముందు యాక్సిల్ ఆరు నుంచి ఏడుకు పెరిగింది. ఆరు టైర్ల బండి 16.2 నుంచి 18.5కి, పది టైర్లది 25 నుంచి 28కి, పెద్ద ట్రెయిలర్లు 49 నుంచి 55కి వెళ్లాయి. సరుకు మోసే సామర్థ్యం 20 నుంచి 25 శాతం దాకా పెరుగుతుందని ప్రభుత్వం చెప్పుకుంది. అంతకు ముందున్న పరిమితులు 1980ల నాటి ఆలోచనతో పెట్టినవి. ఆ తర్వాత బండ్లు మారాయి, టైర్లు మారాయి, రోడ్లు మారాయి. పైగా అందరూ ఎలాగూ ఎక్కువే మోస్తున్నారు, దాన్నే చట్టబద్ధం చేస్తే పోతుంది కదా అన్నది వాదన. నాలుగు రోజుల తర్వాత, జులై 20న, దేశవ్యాప్తంగా లారీల సమ్మె మొదలైంది. వాళ్లు అడిగింది డీజిల్ ధర, టోలు, ఇన్సూరెన్స్ ప్రీమియం సంగతి. చేతికొచ్చింది మాత్రం బరువు.

ఈ వాదనలో నిజం లేకపోలేదు. పది టైర్ల బండి ఖాళీ బరువు సుమారు తొమ్మిది టన్నులు అనుకుంటే, పాత పరిమితిలో సరుకు 16 టన్నులు, కొత్త దాంట్లో 19. వెయ్యి టన్నుల సిమెంటు బెంగళూరు చేర్చాలంటే పాత లెక్కలో 63 ట్రిప్పులు, కొత్త లెక్కలో 53. పది ట్రిప్పుల డీజిల్, పది ట్రిప్పుల పొగ, పది ట్రిప్పుల డ్రైవర్ నిద్రలేమి తగ్గినట్టే. చిన్న విషయం కాదు.

అయితే రోడ్డు ట్రిప్పులను లెక్కపెట్టుకోదు. ఒక్కో యాక్సిల్ తన మీద ఎంత నొక్కి వెళ్లిందో దాన్నే గుర్తుపెట్టుకుంటుంది, అదీ మనం అనుకునే పద్ధతిలో కాదు.

1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా అనే ఊరి దగ్గర (కెనడా రాజధాని కాదు) ఒక పెద్ద ప్రయోగం చేశారు. రకరకాల మందాల్లో రోడ్డు ముక్కలు వేసి, వాటి మీద సైనికుల చేత లారీలను తిప్పిందే తిప్పించారు. తేలిందేమిటంటే, యాక్సిల్ మీద బరువు రెట్టింపు అయితే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు. బరువు ఎన్ని రెట్లు పెరిగిందో ఆ అంకెను నాలుగు సార్లు వేసుకుని ఒకదానితో ఒకటి హెచ్చవేయాలి (2×2×2×2 = 16). దీన్నే ఇంజనీర్లు నాలుగో ఘాతపు సూత్రం అంటారు. రోడ్డు రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, మన రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా రోడ్డు మందం లెక్కగట్టేది దీంతోనే. 8.16 టన్నుల యాక్సిల్ ఒకసారి వెళ్తే ఒక 'స్టాండర్డ్ యాక్సిల్'. జంట యాక్సిళ్లయితే సుమారు 15 టన్నులు, ముందున్న రెండు టైర్ల యాక్సిల్ అయితే సుమారు 6.6 టన్నులు ఒకటి కింద లెక్క. ఇరవై ఏళ్లలో ఇలాంటివి ఎన్ని కోట్లు వెళ్తాయో అంచనా వేసి, దాన్ని బట్టి కంకర, తారు మందం తేలుస్తారు.

ఈ సూత్రం ఎంత మొండిదో చూడండి. కారు యాక్సిల్ మీద ఆరు వందల కిలోలు, లారీ యాక్సిల్ మీద 10.2 టన్నులు అనుకుందాం. 17 రెట్లు. 17ను నాలుగు సార్లు హెచ్చవేస్తే 83,521. అంటే లారీ వెనక యాక్సిల్ ఒక్కసారి దాటితే, 83 వేల కార్ల యాక్సిళ్లు దాటినంత పని. మనం కార్ల రద్దీ చూసి రోడ్డు పాడైందంటాం గానీ, రోడ్డు దృష్టిలో కార్లు ఈగల్లాంటివి.

ఇప్పుడు మా మామ బండికి వద్దాం. పాత పరిమితిలో ముందు ఆరు, వెనక 19 టన్నులతో ఒక ట్రిప్పుకు రోడ్డు మీద పడేది సుమారు 3.2 స్టాండర్డ్ యాక్సిళ్లు. కొత్త పరిమితిలో ముందు ఏడు, వెనక 21 టన్నులతో దాదాపు అయిదు. బరువు పెరిగింది 12 శాతం, అరుగుదల పెరిగింది యాభై శాతం పైనే. ట్రిప్పులు తగ్గాయి కదా అనొచ్చు, తగ్గించే చూద్దాం. వెయ్యి టన్నులకు పాత లెక్కలో 63 ట్రిప్పులకు రెండు వందల స్టాండర్డ్ యాక్సిళ్లు. కొత్త లెక్కలో 53 ట్రిప్పులకు 264. పది ట్రిప్పులు మిగిలినా, అదే సరుకుకు రోడ్డు అరుగుదల మూడో వంతు దాకా ఎక్కువైంది. బండ్లన్నీ ఇలాగే నిండు లోడుతో తిరిగితే పదిహేనేళ్లకని కట్టిన రోడ్డు పదకొండు, పన్నెండేళ్లకే చేతులెత్తేస్తుంది. ఇది మోటు లెక్కే, కానీ దిశ మారదు. ఇదంతా పాసింగ్ లోడు లెక్కే సుమా. ఓవర్‌లోడు ఇంకా మొదలుకాలేదు.

మన దగ్గర దీనికి ఎండ తోడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో, అనంతపురంలో గాలి 42 డిగ్రీలుంటే తారు రోడ్డు పైభాగం 60 దాటుతుంది. తారు మెత్తబడుతుంది. వేగంగా వెళ్లే బండి దాన్ని తాకి వెళ్లిపోతుంది గానీ, ఎత్తు మీద ఫస్ట్ గేరులో ఈడుస్తూ పోయే లారీ ఎక్కువసేపు నొక్కుతుంది. జాతీయ రహదారి 44 మీద లారీలు నడిచే ఎడమ వరుసలో రెండు గాళ్లు పడి ఉంటాయి గమనించారా? బైకు చక్రం అందులో పడితే హ్యాండిల్ దానంతటదే తిరుగుతుంది. అది ఎండలో జరిగిన నష్టం. రెండోది పగుళ్లు: తారు పొర మళ్లీ మళ్లీ వంగి వంగి మొసలి వీపులా చిట్లుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి మీద వేసిన రోడ్లకు ఈ పగుళ్లే ప్రాణాంతకం. తొలకరి నీళ్లు పగుళ్లలోంచి దిగగానే రేగడి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పైన లారీ, కింద రేగడి. మధ్యలో రోడ్డు నలిగిపోతుంది.

రోడ్డును పక్కన పెట్టి బాడుగ దగ్గరికి వస్తే, మామ చెప్పిన "మాకు రాలేదులే" అర్థమవుతుంది. మన వైపు చాలా సరుకులకు బాడుగ టన్ను లెక్కన ఇస్తారు. లెక్క కోసం టన్నుకు వెయ్యి అనుకుందాం. 16 టన్నులకు 16 వేలు. పరిమితి పెరిగిన మొదటి నెలల్లో 19 టన్నులకు 19 వేలు వచ్చి ఉండొచ్చు. కానీ అదే రోడ్డు మీద అందరి పాసింగూ పెరుగుతోంది. మోయాల్సిన సరుకు మాత్రం ఉన్నంతే ఉంది. లోడు కోసం లైన్లో నిలబడే బండ్లు ఎక్కువ, లోడు తక్కువ. అప్పుడు టన్ను 850కి దిగుతుంది. 19 టన్నులకు 16,150. అంటే మూడు టన్నులు అదనంగా మోసి, దానికి అదనపు డీజిల్ కాల్చి, టైర్లు అరగదీసి, నూటయాభై రూపాయలు. మిగతాదంతా సరుకు పంపినవాడి ఖర్చులో తగ్గింది. సిమెంటు బస్తా ధరలో మనకు కనిపించేంత తగ్గిందా అంటే, నాకైతే కనిపించలేదు.

2019లో లారీల అమ్మకాలు దారుణంగా పడిపోయాయి. అప్పులు పుట్టకపోవడం, ఆర్థిక మందగమనం, బీఎస్-6 కాలుష్య నిబంధనలకు మారే ముందున్న అనిశ్చితి ఉన్నాయి. కొత్త యాక్సిల్ పరిమితి కూడా ఒక కారణమని లారీల కంపెనీలే చెప్పాయి. ఉన్న బండ్లే ఎక్కువ మోస్తుంటే కొత్త బండి ఎవరు కొంటారు? పాత బండ్లకు ఈ పరిమితి వర్తిస్తుందా లేదా అన్న గందరగోళం అదనం. 25 టన్నులకు తయారైన బ్రేకులతో 28 మోస్తే ప్రమాదమప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో అన్న టెన్షన్ మామూలు ఓనర్లను చాలా రోజులు పీడించింది.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి గువ్వలచెరువు ఘాట్ రోడ్డు సంగతి చెప్పాలి. కడప నుంచి రాయచోటి వెళ్లేవాళ్లకు గువ్వలచెరువు అంటే పాలకోవా. లారీ డ్రైవర్లకు గువ్వలచెరువు అంటే దిగువ. కదిలే బండిలో ఉన్న శక్తినంతా బ్రేకు డ్రమ్ములు వేడిగా మార్చుకోవాలి. బరువు 12 శాతం పెరిగితే ఆ వేడీ అంతే పెరుగుతుంది. 35 టన్నులు పోసుకుని వస్తే 25 టన్నుల నాటి కంటే 40 శాతం ఎక్కువ. వేడెక్కిన డ్రమ్ము పట్టు వదులుతుంది, పెడల్ తొక్కినా బండి వింటున్నట్టే ఉండి వినదు. అందుకే అనుభవమున్నవాళ్లు పైనుంచే చిన్న గేరులో దింపుతారు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లూ ఉన్నారు. కొత్త బండ్లకు ఏబీఎస్ వచ్చింది, నిజమే. అది చక్రం లాక్ కాకుండా ఆపుతుంది గానీ, కాలిపోయిన డ్రమ్మును చల్లబరచదు.

వంతెనల లెక్క వేరు. రోడ్డుకు ఒక్కో యాక్సిల్ బరువు ముఖ్యం. వంతెనకు మొత్తం బరువూ, అది ఎంత పొడవులో పరుచుకుందన్నదీ ముఖ్యం. 40 టన్నుల పొడవైన ట్రెయిలర్ కంటే 35 టన్నుల పొట్టి టిప్పర్ చిన్న కల్వర్టును ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు. జాతీయ రహదారుల మీద ఇప్పటి వంతెనలను వంద టన్నుల నమూనా వాహనం దాకా లెక్కలోకి తీసుకుని కడతారు, కాబట్టి ఒక్క లారీకి కూలిపోవు. భయం జిల్లా రోడ్ల మీది పాత కల్వర్టుల గురించే. అన్నట్టు, 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలింది వరదకు. దాన్ని కూడా లారీల ఖాతాలో రాయొద్దు.

'విదేశాల్లో ఇంతకంటే ఎక్కువే అనుమతిస్తారు' అని ఒక మాట వినిపిస్తుంటుంది. అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద 1974 నుంచి మొత్తం పరిమితి 80 వేల పౌండ్లు, అంటే 36 టన్నుల చిల్లర. జంట యాక్సిళ్ల మీద 34 వేల పౌండ్లు, సుమారు 15.4 టన్నులు. మనది 21. యూరప్‌లో ఇంజన్ తిప్పే యాక్సిల్‌కు 11.5 టన్నులు, మన కొత్త అంకె అదే. కానీ అక్కడ మామూలు లారీ మొత్తం 40 టన్నులతో ఆగుతుంది. మనం తక్కువ మోయిస్తున్నామన్నది సగం నిజం కూడా కాదు. వాళ్లు బరువును ఎక్కువ యాక్సిళ్ల మీద పరుస్తారు, మనం ఉన్న యాక్సిళ్ల మీదే పెంచాం.

మరి ఇంకో యాక్సిల్ తగిలిస్తే పోలా? పోతుంది, కానీ టోలు ఒప్పుకోదు. జాతీయ రహదారుల టోలు యాక్సిళ్ల లెక్కన ఉంటుంది. 2008 నిబంధనల్లో మూల రేటు మూడు యాక్సిళ్ల బండికి కిలోమీటరుకు 2.40 రూపాయలు, నాలుగు నుంచి ఆరు యాక్సిళ్లకు 3.45. ఏటా సవరణలతో ఆ రేట్లు పెరుగుతూ వస్తున్నాయి. ఎక్కువ చక్రాల మీద బరువు పంచుకుని రోడ్డును కాపాడే బండి ఎక్కువ కట్టాలి, తక్కువ చక్రాల మీద కుక్కి రోడ్డును తొక్కే బండి తక్కువ కట్టాలి. అమకతాడు టోలు దగ్గరో మరూరు దగ్గరో లైన్లో నిలబడినప్పుడు ఈ విడ్డూరం గురించి ఆలోచించండి, కాలక్షేపమవుతుంది.

లోడు పెంచే పని రైల్వే కూడా చేసింది. 2005 ప్రాంతంలో ఇనుప ఖనిజం లాంటి సరుకులకు వ్యాగన్ల లోడు పెంచింది. కానీ పట్టాలు దానివే, బాడుగ దానిదే. పట్టా అరిగితే ఆ ఖర్చు, సరుకు పెరిగితే ఆ ఆదాయం, రెండూ ఒకే ఇంట్లో. ఎంత పెంచితే గిట్టుబాటో వాళ్లే తేల్చుకుంటారు. రోడ్డు మీద లాభం ఒకరిది, అరుగుదల ఇంకొకరిది. అదే రోజుల్లో బళ్లారి వైపు నుంచి గుత్తి, తాడిపత్రి, జమ్మలమడుగు, మైదుకూరు మీదుగా రేవులకు ఖనిజం లారీలు బారులు తీరిన దారిలో ప్రయాణించినవాళ్లకు అరుగుదల అంటే వేరే చెప్పక్కర్లేదు. నడుములే సాక్ష్యం.

హైవేకి కనీసం మందం ఉంది. లారీ పుట్టేది హైవే మీద కాదు. కొలిమిగుండ్ల, బేతంచెర్ల నాపరాయి గనుల నుంచి బయటికొచ్చే మొదటి అయిదు కిలోమీటర్లు పల్లె రోడ్డు. అలాంటి రోడ్డును పదేళ్లకు పది లక్షల స్టాండర్డ్ యాక్సిళ్లని లెక్కేసి కట్టారనుకోండి. రోజుకు వంద టిప్పర్లు పాసింగ్ లోడుతోనే తిరిగితే అయిదున్నరేళ్లకు ఆ పది లక్షలూ అయిపోతాయి. ఒక్కో బండిలో అయిదు టన్నులు ఎక్కువ పోస్తే ఆ రోడ్డు మూడేళ్లు కూడా నిలవదు. అయిదు టన్నులతో అరుగుదల రెట్టింపు అవుతుంది, అంతే. ఢిల్లీలో యాక్సిల్ పరిమితి పెంచినప్పుడు ఈ రోడ్డు మందం ఎవరూ పెంచలేదు. ఆ ఊరి సర్పంచుకు నోటిఫికేషన్ కాపీ కూడా వచ్చి ఉండదు.

ఓవర్‌లోడుకు చట్టం లేదా అంటే, గట్టిదే ఉంది. 2005 నవంబరులో పరంజీత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు, ఫైను కట్టించుకుని బండిని అలాగే పంపెయ్యడం కుదరదని, ఎక్కువున్న సరుకు దింపించాల్సిందేనని తేల్చింది. అప్పట్లో కొన్ని రాష్ట్రాలు ముందే డబ్బు కట్టించుకుని ఓవర్‌లోడుకు కార్డులు ఇచ్చేవి మరి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఫైను 2,000 నుంచి 20,000కి, టన్నుకు అదనంగా 1,000 నుంచి 2,000కి పెరిగింది. అయిదు టన్నులు ఎక్కువుంటే 30 వేలు, అంటే దాదాపు రెండు ట్రిప్పుల బాడుగ. ఇంత ఫైనుంటే భయపడి తగ్గిస్తారనుకుంటాం. కొందరు తగ్గించారు. కానీ ఫైను పెద్దదయ్యేకొద్దీ దాన్ని తప్పించుకోవడానికి ఇచ్చే విలువా పెరుగుతుంది. ఇంతకంటే విప్పి చెప్పను.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఆ చట్టంలో ఓవర్‌లోడు గురించి చెప్పే 194వ సెక్షన్ మాటలే. బండి నడిపినవాడినే కాదు, అలా నడవడానికి కారణమైనవాడినీ, అనుమతించినవాడినీ అది శిక్షించమంటుంది. లోడు పోసే చోటే కాటా ఉంటుంది. ఎంత బరువు పోశారో, ఎవరు పోశారో, ఏ టైముకు పోశారో కాగితం మీద పడుతుంది. ఫ్యాక్టరీ గేటు దాటక ముందే తెలిసిన ఆ బరువును మళ్లీ వంద కిలోమీటర్ల అవతల రోడ్డు పక్కన ఆపి కనుక్కోవడం దేనికి?

మామను అడిగితే నవ్వి, డ్రైవరు సీటు పైన దేవుడి పటం వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. అందులో కాటా చీటీలు, రెండు ఫైను రసీదులు. చీటీల మీద లోడు పోసినవాళ్ల పేర్లు ముద్రలతో సహా ఉన్నాయి. రసీదుల మీద రెండింటికీ మామ పేరే.